కొరివికారం కోసం గుంటూరులో నాలుగు రోజులు

మా అమ్మ వంటల నోటుబుక్కులో పండుమిరపకాయ పచ్చడికి ఉన్నవి నాలుగే లైన్లు. "పండుకాయలు 2 వీశెలు. ఉప్పు, చింతపండు తగినంత. తొక్కి జాడీకెత్తాలి. మూడోరోజు తిరగదొక్కి మెంతిపిండి కలపాలి." ఈ నాలుగు లైన్లు పట్టుకుని హైదరాబాద్‌లో రెండేళ్లు పచ్చడి పెట్టాను. మొదటి ఏడాది నెల తిరక్కుండానే బూజు పట్టింది. రెండో ఏడాది నిలవైతే ఉంది గానీ చేదు. అమ్మకి కుడిభుజం పట్టేసి మూడేళ్లవుతోంది, రోకలి ఎత్తలేదు. మా ఫ్లాట్లో రోలూ లేదు. "మిక్సీ లెక్కలు నాకు తెలీవురా" అంటుంది. చివరికి ఈ సంక్రాంతికి ఆవిడే అంది: "పిన్ని ఇంకా పెడుతోందిగా. ఒకసారి వెళ్లి పక్కన నిలబడి చూసి రా."

పిన్ని అంటే మా అమ్మమ్మ చెల్లెలు. నాకు చిన్నమ్మమ్మ. గుంటూరు బ్రాడీపేటలో పాత పెంకుటింట్లో ఉంటుంది, 81 ఏళ్లు. పండుకాయ బాగా దిగే రోజుల్లో రమ్మంది. ఫిబ్రవరి మొదటివారంలో వెళ్లాను. ఇంటికొచ్చి రెండు రోజులే అయింది, చేతుల మంట ఇంకా పూర్తిగా పోలేదు. మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 5, గురువారం: బ్రాడీపేట

భోజనాల వేళకి చేరాను. "వచ్చావురా నాన్నా, కాళ్లు కడుక్కో" అంటూనే విస్తరి వేసేసింది. ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర, మిరియాల చారు, గడ్డపెరుగు. నాతో పాటు కూర్చోమంటే వినలేదు. పక్కన చిన్న పీట వేసుకుని వడ్డిస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో వద్దు అన్నమాటకి మూడోసారి అన్నాక గానీ విలువ లేదు. మొదటి రెండుసార్లూ మొహమాటం కిందే లెక్క.

ముద్దపప్పులో నెయ్యి వేశాక ఒక చిన్న గిన్నె తెచ్చింది. నిరుటి కొరివికారం, జాడీ అడుగున మిగిలింది. మా వైపు పండుమిరపకాయ పచ్చడిని ఆ పేరుతోనే పిలుస్తారు. కొరివి అంటే మండే కట్టె. ఏడాది నిలవున్నందుకు ఎరుపు కాస్త ముదిరింది తప్ప నల్లబడలేదు. మొదటి ముద్దకి ముందు పులుపు తగిలింది, తర్వాత ఉప్పు, మింగాక చెవుల దగ్గర వేడిగా కారం. చేదు ఎక్కడా లేదు. నేను పెట్టినదానికీ దీనికీ మధ్య దూరం ఆ ఒక్క ముద్దలో తెలిసిపోయింది.

నోటుబుక్కు పేజీ ఫోన్లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఇది మా అక్క చెప్పిందే. అది నోటితో చెప్పింది, మీ అమ్మ రాసుకుంది. ఇందులో ఏం తప్పు లేదురా" అంది. వీశె అంటే సుమారు 1.4 కిలోలని నాకు తెలుసు, అడగాల్సింది అది కాదు. "తగినంత అంటే ఎంత చిన్నమ్మమ్మా?" అన్నాను. "కాయ చూడందే ఎట్టా చెప్తాం?" అంది. ఆ జవాబు నాకప్పుడు తప్పించుకోవడంలా అనిపించింది. సాయంత్రం రోలు కడిగించి, మర్నాడు ఎండ పడేచోట తడారేలా పెట్టించింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం: రైతుబజారు, మిర్చి యార్డు, రోలు

పొద్దున ఆరింటికే సంచి చేతికిచ్చి పాఠం చెప్పింది. తొడిమ పచ్చగా ఉండాలి. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. కొస మెత్తబడింది ఒక్కటున్నా జాడీ మొత్తం పోతుంది. ఆటో ఎక్కి రైతుబజారు అన్నాను. ఏ రైతుబజారో చెప్పాలని నాకు తోచలేదు. చిన్నమ్మమ్మ చెప్పింది పట్టాభిపురంలోది, ఆటో ఆగింది చుట్టుగుంటలో. "మీరు చెప్పలా, నేనడగలా" అని ఆటో అబ్బాయి నొచ్చుకున్నాడు. తిరిగి తీసుకెళ్తానన్నాడు కూడా. వచ్చానుగదా అని లోపలికి వెళ్లాను. దారి తప్పడం మంచిదే అయింది.

ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చానన్న ఒక పెద్దామె ముందు పండుకాయల రాశి ఉంది. కిలో 90. మూడు కిలోలు తీయబోతే నా చెయ్యి ఆపింది. "పచ్చడికా, ఎండేసుకోడానికా?" పచ్చడికన్నాను. ముందున్న రాశి వదిలేసి వెనక గోతాం విప్పింది. "అయ్యి ఇయ్యాల తెల్లారగట్ట కోసినయ్యి బాబూ, మంచు తడుంటది. ఇయ్యి నిన్న కోసి నీడన ఆరబెట్టినయ్యి. పచ్చడికి ఇయ్యే." అదే రేటు. పైగా కరివేపాకు రెండు రెబ్బలు కొసరు. అడగకుండా ఆమె అంత మాట చెప్పినందుకు నాకు చాలాసేపు సంతోషంగా అనిపించింది.

ఇంటికి తెచ్చాక చూసింది నా కళ్లలో ఉండిపోయింది. చిన్నమ్మమ్మ సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా, మధ్యలోంచి ఒక కాయ తీసింది. రెండు చేతులతో విరిచింది. టప్పున విరిగింది. విరిగినచోట బొటనవేలితో నొక్కి, ఊరిన రసం ఎంతో చూసింది. గింజలు తెల్లగా ఉన్నాయా లేదా చూసింది. నాలిక చివర తాకించింది. "కండ బాగుంది, నీళ్లు తక్కువ. చింతపండు కాస్త తగ్గించాలి" అంది. ఈ పచ్చడిలో నీళ్లచుక్క పొయ్యం. ఉప్పుకి కాయలోంచి ఊరిన రసంలోనే చింతపండు నానాలి. రసం తక్కువున్న కాయకి ఎక్కువ చింతపండు పెడితే సగం గట్టిగా మిగిలిపోతుంది. "తగినంత" అన్నదాని వెనక ఇంత ఉంది.

కాయలు కడిగేటప్పుడు నా మొదటి ఏడాది బూజుకి కారణం తెలిసింది. నేను ముచ్చికలు తీసేసి కడిగాను. తొడిమ ఊడినచోట చిల్లు పడి నీళ్లు లోపలికి పోతాయి, పైన ఎంత తుడిచినా లోపలి తడి పోదు. ముచ్చికతోనే కడగాలి. పాత పంచె మీద పరిచి, ఒక్కో కాయా పొడిబట్టతో తుడిచి, నీడన ఫ్యాను కింద ఆరనివ్వాలి. ఎండలో పెడితే తోలు ముడతపడుతుంది. ముచ్చిక తీయడం అంతా ఆరాకే. మూడు కిలోలు తుడవడానికి ఇద్దరికీ గంటన్నర పట్టింది.

అవి ఆరేలోపు పక్కింటి బాబాయిగారు నన్ను మిర్చి యార్డుకి తీసుకెళ్లారు. కమీషన్ కొట్లో ఏళ్ల తరబడి గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. గేటుకి ఇంకా దూరం ఉండగానే ముక్కు చెప్పేస్తుంది. లోపల ఎక్కడ చూసినా గోతాలే. వాటిని టిక్కీలంటారు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు. చూశాక ఆ గర్వం న్యాయమే అనిపించింది. బాబాయిగారు ఒక్కో రాశి దగ్గరా ఆగి కాయ చేతిలో పెట్టారు. సన్నగా పొట్టిగా ఉండి ఎక్కువ మండేది తేజ. ముడతలు పడి ముదురు ఎరుపుగా, రంగు ఎక్కువ కారం తక్కువగా ఉండేది బాడిగ, కర్ణాటక బ్యాడగి పేరు మీద వచ్చింది. 334, 341 అని నంబర్లతో పిలిచేవి వేరు. రంగు పోయి తెల్లబారింది తాలు, దాన్ని వేరే కుప్ప పోస్తారు.

షెడ్డు నీడలో ఆడవాళ్లు ముక్కుకి కొంగు చుట్టుకుని ముచ్చికలు తీస్తున్నారు. కిలోల లెక్కన కూలి. నాకు తుమ్ములు ఆగలేదు. ఒకామె చూసి నవ్వి "కొత్తగా వచ్చారా, అన్నం తిన్నారా?" అని అడిగింది. ఇంత ఘాటులో కూర్చుని ముందు అడిగిన మాట అది. వాళ్ల భోజనం టైం అయింది. డబ్బాలు విప్పితే చాలామందివి పెరుగన్నమే, పక్కన ఉల్లిపాయ. "పొద్దంతా దీన్లో కూకుంటే కారం కూడు సయించదయ్యా" అంది. మన ఇళ్లలో ఏడాదంతా తినే కారం వీళ్ల వేళ్ల మీదుగా వస్తోంది. చేతులకి గ్లవుజులు ఉన్నవాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. ఆ సంగతి బాగా బాధపెట్టింది.

మూడు గంటలకి తొక్కుడు మొదలు. ముందు చేతులకి మోచేతుల దాకా నువ్వులనూనె రాయించింది. మిరప మంట నీళ్లకి లొంగదు, నూనెకే లొంగుతుంది. రోకలి అందుకుని వడ్లు దంచినట్టు ఎత్తబోయాను. "దంచకురా, తొక్కు!" అని అరిచింది. జానెడు ఎత్తు లేపి, రోకలి కొసనున్న ఇనప పొన్ను బరువుతో దాన్నే దిగనివ్వాలి. గట్టిగా వేస్తే రసం కళ్లలోకి చిందుతుంది, గింజ నలుగుతుంది. నా రెండో ఏడాది చేదు మిక్సీలో గింజ నలగడం వల్లేనని ఆవిడ తీర్పు. కాయ చీలికలుగా నలగాలి, గింజ గింజగానే ఉండాలి. వాయి వాయికీ రాళ్లఉప్పు పిడికిలితో వేసింది, దుగ్గిరాల పసుపు వేసింది. ఆవిడ ఒప్పుకుంటే ప్రతి పిడికిలీ వంటింటి కాటాలో తూచాను. ముచ్చికలూ ఏరివేతలూ పోను 2 కిలోల 750 గ్రాముల కాయకి ఉప్పు 620 గ్రాములు, ఈనెలూ గింజలూ తీసిన చింతపండు 540 గ్రాములు. "రాసుకుంటే రాసుకో. ఇంకో రోజు కాయకి ఇది కుదరదు" అంది. చింతపండుని కలపలేదు. తొక్కు మధ్యలో గుంట చేసి ముద్దగా దాచి, పైన మళ్లీ తొక్కు కప్పి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టింది.

రాత్రి వేళ్లు భగభగలాడాయి. మీగడ రాసుకుని అరుగు మీద కూర్చున్నాం. పోయిన నెల తాతగారి ఆబ్దికం కబుర్లు వచ్చాయి. మా ఇంట్లో ఆ రోజు మిరపకాయ ముట్టరు, కారానికి మిరియాలే. ఎందుకని అడిగితే "మా అత్తగారు అట్టా చెప్పారు" అంది. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన వంటకి కారం ఎక్కువగా మిరియం, పిప్పలి లాంటివే. పెద్దలకి పెట్టే అన్నంలో ఆ పాత వంట అట్లాగే మిగిలిందేమో అని నాకు అనిపించింది. చిన్నమ్మమ్మతో అన్నాను. కాసేపు ఆలోచించి "అయితే మా అత్తగారి అత్తగారికీ తెలీదన్నమాట" అంది.

ఫిబ్రవరి 7, శనివారం: బెజవాడ

రెండోరోజు జాడీని కదపకూడదు, మూత తీసి చూడకూడదు. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదని చిన్నమ్మమ్మే బెజవాడ పంపించింది, సత్యనారాయణపురంలో మా మేనత్త దగ్గరికి. బస్సులో గంట ప్రయాణం.

"రా అల్లుడూ, నీకోసం నిన్నే నానేశాను" అంది అత్తయ్య. ఉలవలు. ఆవిడ అత్తవారిది గుడివాడ దగ్గర పల్లె. గుంటూరు కొరివికారానికి ఎంత పట్టింపో, కృష్ణా జిల్లా ఉలవచారుకీ అంతే. ఎడ్లకి ఉడకబెట్టిన ఉలవల నీళ్లు వృథా చేయకుండా కాచుకున్న చారు అది. వాళ్ల అత్తగారింట్లో పెద్ద కుండ కట్టెల పొయ్యి మీద రాత్రంతా ఉండేదట, ఉలవలు కొట్టంలోకి, నీళ్లు వంటింట్లోకి. ఇప్పుడు కుక్కరు. ఉడికిన నీళ్లు వార్చి, చింతపండు పులుసు పోసి, సన్నసెగ మీద రెండు గంటలు. మధ్యలో నేను మంట పెంచబోతే చెయ్యి తీసేసింది. గరిటె జాలు తెగకుండా దిగేదాకా ఉంచి పోపు పెట్టింది. వేడన్నంలో అది పోసి, పైన పచ్చిమీగడ. నాలుగుసార్లు వడ్డించుకున్నాను. మిగిలిన ఉలవలు పోపేసి గుగ్గిళ్లు చేసింది, సాయంత్రం పిల్లలు తినేశారు.

తర్వాత వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు వెళ్లాం, అమ్మకి కొత్త జాడీ కోసం. అత్తయ్య జాడీని వేలికణుపుతో కొట్టి శబ్దం విన్నది. గణగణమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో నెర్రె ఉన్నట్టు. మూడు పక్కన పెట్టి నాలుగోది తీసింది. 520 చెప్పారు, 450కి ఇచ్చారు.

తిరుగు బస్సుకి ముందు ఆకలేసి బస్టాండు దగ్గర ఒక హోటల్లో టిఫిన్ తిన్నాను. "ఇంటి గోంగూర" అని వేసిన పచ్చడిలో గోంగూర పులుపు కాదు, సీసాలో కొన్న పులుపు. ఎర్ర గోంగూరకి దానంతటదే అంత పులుపున్న ఊళ్లో అది ఎందుకు పోయాలో అర్థం కాలేదు. అక్కడే వదిలేశాను.

ఫిబ్రవరి 8, ఆదివారం: మూడోరోజు

ఎండ ఎక్కకముందే తీయాలని ఆరున్నరకి లేపింది. స్నానం చేసి, పొడి చేతులతో వాసెన విప్పాను. ముందు వాసన వచ్చింది. శుక్రవారం నాటి పచ్చి ఘాటు కాదది, పుల్లగా, కాస్త తియ్యగా, ముక్కుని కుట్టకుండా లోపలికి పోయే వాసన. తొక్కు పొంగి, అంచుల్లో ఎర్రటి రసం ఊరింది. గరిటెతో మధ్యకి వెళ్తే చింతపండు ముద్ద వేలితో నొక్కగానే విడిపోయింది. ఎక్కడా గట్టి పలుకు లేదు. చిన్నమ్మమ్మ ఏమీ అనలేదు గానీ, నా మొహంలోకి చూసి తల ఊపింది. మొన్న ఆ కాయ విరిచి చెప్పిన మాట సరిగ్గా జరిగింది.

మళ్లీ రోట్లోకి. ఈసారి చింతపండు కలిసేదాకా మెత్తగా తొక్కడం. మెంతులు సన్నసెగ మీద ఎర్రగా వేయించి, చల్లారాక కొట్టిన పిండి నాలుగు చెంచాలు. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియోకాల్ చేసింది.

"పిన్నీ, మెంతిపిండి అంతేనా? అమ్మ అయితే దీనికి ఆరు వేసేది."

"మీ అమ్మ తెనాలి వెళ్లాక నేర్చుకుందే అది. మా పుట్టింటి లెక్క నాలుగే."

"కాదు పిన్నీ, ఆరే."

"నువ్వు రోకలి పట్టుకుని చెప్పు" అని ఫోన్ నాకిచ్చేసింది. పది నిమిషాల తర్వాత ఆవిడే అడిగి మళ్లీ కలిపించుకుంది. ఈసారి ఇద్దరూ మెంతుల మాట ఎత్తలేదు, తెనాలి ఇంటి వెనక ఉసిరిచెట్టు గురించి మాట్లాడుకున్నారు.

జాడీల్లోకి ఎత్తాక రోటి గోడలకి అంటుకున్నది మిగిలింది. వేడన్నం తెచ్చి రోట్లోనే వేసి, కొద్దిగా పోపునూనె పోసి, చేత్తో రోలు తుడిచినట్టు కలిపింది. పోపులో ఆ ఇంట్లో ఇంగువే, వెల్లుల్లి వేయరు. ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. నాకు, పనమ్మాయికి, గోడ మీంచి వాసన పట్టి వచ్చిన పక్కింటి పిన్నిగారికి, బాబాయిగారికి. "మాకైతే వెల్లుల్లి ఉండాల్సిందే" అంటూనే పిన్నిగారు రెండో ముద్దకి చెయ్యి చాపారు. ఆఖరి ముద్ద చిన్నమ్మమ్మ తను తిని, కళ్లు మూసుకుని, "ఉప్పు సరిపోయింది" అంది. ఆ వేడన్నంలో కొత్తకారం నాలికకి తగిలిన తీరు నాకు రాయడం రాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే కాదు.

బయల్దేరేటప్పుడు జాడీకి రెండు వరసల బట్ట కట్టి, గోనెసంచిలో పెట్టి, ఒడిలో పెట్టుకోమంది. "తడి గరిటె పెట్టనీకు. వారానికి సరిపడా తీసి పోపు పెట్టుకోండి, అంతా ఒకేసారి పెట్టొద్దు." వీధి మలుపు దాకా వచ్చింది. "వచ్చే ఏడాది నీ పెళ్లాన్నీ తీసుకురా, ఎరుపు గోంగూరతో కలిపి పెడదాం" అంది.

ఫిబ్రవరి 9, సోమవారం: ఇల్లు

పొద్దున్నే అమ్మ జాడీ ముందు కూర్చుంది. వాసెన తనే విప్పింది, ఎడమచేత్తో. పొడి చెంచాతో రవ్వంత తీసి అరచేతిలో వేసుకుని, ముందు రంగు చూసింది, తర్వాత వేళ్ల మధ్య నలిపి గింజ నలిగిందేమో చూసింది. అప్పుడు నాలిక మీద పెట్టుకుంది. నాకు పరీక్ష ఫలితాల టెన్షన్.

"నువ్వే తొక్కావా?"

"నేనే. మూడోరోజు కూడా."

ఇంకొంచెం తీసుకుంది. "చింతపండు బాగా తగ్గించింది పిన్ని. కాయలో రసం లేదా?"

"కండ ఎక్కువ, నీళ్లు తక్కువ అంది."

"ఊఁ" అంది. నోటుబుక్కు తెమ్మంటుందనుకున్నాను. ఫోన్ తెమ్మంది.

"పిన్నీ, పచ్చడి చేరింది. కుదిరింది. కానీ మెంతులు ఆరు పడాల్సింది."